ఎవరికి వారే యమునా తీరే: వృద్ధుల మందుల సంచీ గురించి నాలుగు కటువైన మాటలు



ఈ టపా ఛందస్సు గురించి కాదు, వ్యాకరణం గురించీ కాదు. అయినా పండితుడి బుద్ధి కనుక వ్యాకరణంతోనే మొదలుపెట్టక తప్పడం లేదు. రెండు అచ్చులు ఎదురుపడితే ఊరక పక్కపక్కన కూర్చోవు, సంధి జరుగుతుంది. అప్పుడు కొత్తగా వచ్చి చేరేది ఆగమం. ఉన్నదానిని తొలగించి దాని చోట తాను కూర్చునేది ఆదేశం. ఆగమం మిత్రునివంటిదనీ, ఆదేశం శత్రువువంటిదనీ పూర్వులు పోలిక చెప్పారు. ఈ సూత్రం ఔషధాలకు కూడా వర్తిస్తుంది. ఒక్కొక్క మందు విడిగా ఎంత గుణవంతమైనదైనా, ఒకే దేహంలో మరొక మందును కలిసినప్పుడు ఏమవుతుందో విడిగా చదివితే తెలియదు. ఒకటి రెండవదాని బలాన్ని పెంచవచ్చు, తుంచవచ్చు, లేదా రెండూ కలిసి ఏ ఒక్కదానివల్లా రాని మూడవ ఆపదను తేవచ్చు.

వయసు మళ్ళినవారి ఒంట్లో ఈ సంధి కార్యం రోజూ జరుగుతూనే ఉన్నది. సూత్రం చూసుకునేవాడు మాత్రం కనబడడు. నా అభియోగం ఇదే.

దీనిపై ఇంత కోపంగా వ్రాయడానికి కారణం ఒక వాక్యం. ఏదైనా అనర్థం జరిగి వృద్ధుడిని ఆసుపత్రిలో చేర్చినప్పుడు, తెలుగునాట ఏ ఊళ్ళోనైనా వినబడే వాక్యం అది: "ఆ మందు కూడా వాడుతున్నట్టు మీరు మాకు చెప్పలేదు కదండీ!" ఎంత మర్యాదగా ఉన్నదో చూడండి. చివర "అండీ" కూడా ఉన్నది. ఆ ఒక్క మాటతో బాధ్యత మొత్తం వైద్యుడి బల్లమీదనుంచి జారి, డెబ్బై ఏళ్ళ మనిషి ఒడిలో పడిపోతుంది. చదువుకున్న వైద్యులు ముగ్గురూ, మందులమ్మిన దుకాణదారులు ఇద్దరూ నిర్దోషులు. కళ్ళద్దాలు లేనిదే బిళ్ళ రంగు కూడా పోల్చుకోలేని ముసలివాడు దోషి. ఇది న్యాయమా?

ఊహకోసం ఒక పెద్దాయనను తీసుకుందాం. వయసు డెబ్బై రెండు. రక్తపోటుకు పట్నంలోని వైద్యుడు టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయజైడ్ కలిసిన బిళ్ళ వ్రాశాడు. సరైన మందే. కొన్నాళ్ళకు మోకాళ్ళు పట్టేశాయి. ఎముకల వైద్యుడి దగ్గరకు వెళితే ఎసిక్లోఫెనాక్ వ్రాశాడు. నొప్పికి అది వాడే మందే. ఇంతలో మే నెల వచ్చింది. ఎండదెబ్బకు రెండు రోజులు విరేచనాలై ఒంట్లో నీరు తగ్గింది. మూత్రపిండానికి రక్తం అందించే దారిని ఒక మందు ఒకవైపు, మరొక మందు రెండవవైపు ప్రభావితం చేస్తుండగా, మూడవది ఉన్న నీటిని బయటికి పంపుతున్నది. నాలుగవ రోజుకు మూత్రం తగ్గింది, పరీక్షలో క్రియాటినిన్ పెరిగింది. ఈ మూడు రకాల మందుల కలయిక మూత్రపిండాలకు ప్రమాదమని వైద్య గ్రంథాలన్నిటా ఉన్నది. ఏ ఒక్క చీటీలోనూ తప్పు లేదు. తప్పు రెండు చీటీల మధ్య ఉన్న ఖాళీలో ఉన్నది. ఆ ఖాళీకి యజమాని ఎవరు?

ఇది అరుదైన జంట అనుకోకండి. గుండెలో కవాటం మార్పించుకున్నవారు రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ గాని, ఎసినోకుమరాల్ గాని వాడతారు. వారికి కడుపులో బాగాలేదని మెట్రోనిడజోల్ ఇస్తే రక్తం మరీ పలచబడి లోపల స్రావం కావచ్చు. నొప్పిబిళ్ళ తోడైతే ప్రమాదం ఇంకా ఎక్కువ. వారే తోటకూర, పాలకూర, మునగాకు ఒక వారం అసలు మానేసి, మరొక వారం పూటపూటా తింటే మందు లెక్క తప్పుతుంది. ఆకుకూర మానవద్దు, రోజూ ఇంచుమించు ఒకే మోతాదులో తినమని ఎవరైనా ఒకరు నింపాదిగా చెప్పాలి గదా! చక్కెరవ్యాధికి గ్లిమిపిరైడ్ వాడే వృద్ధుడికి మూత్రంలో మంటకని కోట్రైమాక్సజోల్ ఇస్తే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. డిగాక్సిన్ వాడేవారికి దగ్గుకని క్లారిత్రోమైసిన్ ఇస్తే డిగాక్సిన్ ఒంట్లో పేరుకొని విషమవుతుంది. థైరాయిడ్ బిళ్ళ, కాల్షియం బిళ్ళ ఒకే గుక్కలో మింగితే మొదటిది ఒంటికి సరిగా పట్టదు. రెండింటికీ నాలుగు గంటల ఎడం ఉండాలి. ఈ చివరిదానిని నివారించడానికి పైసా ఖర్చు లేదు, ఒక్క మాట చాలు. ఆ ఒక్క మాట చెప్పే నోరే కరువు.

ఇవన్నీ ఒక ఎత్తు. మందు తెచ్చిన బాధను కొత్త రోగమనుకొని దానికి మరొక మందు వ్రాయడం మరొక ఎత్తు. రక్తపోటుకు ఎమ్లోడిపిన్ వాడితే కొందరికి కాళ్ళు వాస్తాయి. కాళ్ళవాపు చూసిన మరొక వైద్యుడు నీరు తీసే ఫ్యూరోసమైడ్ వ్రాస్తాడు. దానితో రాత్రి నాలుగుసార్లు లేవవలసి వస్తుంది. మూత్రం ఆగడం లేదని మూడవ వైద్యుడి దగ్గరకు వెళితే, ఆయన వ్రాసిన బిళ్ళ మూత్రాన్ని ఆపుతుంది గాని నోరు ఎండగొట్టి, మతిని తికమక పెడుతుంది. "నాన్నగారికి మతిమరుపు వచ్చింది" అని పిల్లలు నాలుగవ వైద్యుడి దగ్గరకు తీసుకొనిపోతారు. పాలెక్కడ విరిగిందో చూడకుండా చక్కెర వేస్తూ పోవడమంటే ఇదే. ఈ గొలుసుకు 1990లలోనే రోషాన్, గర్విట్జ్ అనే వైద్యులు పేరుపెట్టి హెచ్చరించారు. పరిష్కారం మొదటి బిళ్ళను మార్చడంలో ఉన్నది. కాని మొదటి బిళ్ళ వ్రాసినది ఒకరు, చివరి బిళ్ళ వ్రాసినది వేరొకరు. ఒకరి చీటీని మరొకరు ముట్టుకోవడం మర్యాద కాదట! ఈ మర్యాదకు మూల్యం చెల్లించేది ముసలివాడి తుంటి ఎముక.

వయసులో ఉన్నవారికి లేని ప్రమాదం వీరికెందుకు? మూత్రపిండాలు వయసుతోపాటు నెమ్మదిస్తాయి. మందు బయటికి పోవడం ఆలస్యమై నిన్నటి మోతాదు మిగిలి ఉండగానే ఇవాళ్టిది వచ్చి చేరుతుంది. కాలేయమూ అంతే. నిలబడగానే రక్తపోటును సర్దుకునే చురుకుదనం తగ్గుతుంది, కనుక నిద్రబిళ్ళ, ప్రోస్టేటు బిళ్ళ, బీపీ బిళ్ళ కలిస్తే అర్ధరాత్రి స్నానాలగది గుమ్మంలో పడిపోతారు. లెక్కల మేష్టారిని కాకపోయినా ఒక చిన్న లెక్క చెప్పగలను. ఐదు మందులుంటే వాటిలో జంటలు 10. పది మందులుంటే జంటలు 45. మందులు రెండింతలైతే జంటలు నాలుగింతలకు పైగా అయినవి. ఆ 45 జంటలను ఒక్కసారైనా ఎవరైనా చూశారా అని మీ ఇంట్లో పెద్దవారిని అడగండి.

పేర్ల బాధ మరొకటి. ఒకే మందు పది కంపెనీల పేర్లతో వస్తుంది. ఒక ఊరి వైద్యుడు వ్రాసిన పేరు, మరొక ఊరి వైద్యుడు వ్రాసిన పేరు వేరువేరుగా ఉంటే రెండూ వేరు మందులని రెండూ మింగేవారున్నారు. విదేశాలలో ఉన్న మన బ్లాగరులు ఒక విషయం గమనించాలి. అమ్మను, నాన్నను అక్కడికి పిలిపించుకున్నప్పుడు వారి సంచీలో డోలో ఉంటుంది, మీ అలమరలో టైలెనాల్ ఉంటుంది. ఒకదానిమీద పారసిటమాల్ అనీ, రెండవదానిమీద ఎసిటమినోఫెన్ అనీ ఉంటుంది. రెండూ ఒకటే మందు. పర్యాయపదాలు కావ్యానికి శోభ, కాలేయానికి కాదు. వైద్యులు మందు అసలు పేరును స్పష్టంగా, వీలైతే పెద్ద అక్షరాలలో వ్రాయాలని భారత వైద్య మండలి 2016లోనే నిబంధన మార్చింది. కాని ఇప్పటికీ కొన్ని చీటీలను చదవాలంటే శాసన లిపి పరిష్కర్తలను పిలవాలి.

ఇక ఎదురువాదాలు.

"రోగి తాను వాడేవన్నీ చెప్పాలి గదా" అంటారు. చెప్పాలి, కాదనను. కాని డిశ్చార్జి కాగితం ఆంగ్లంలో, చీటీ గిలుకుడులో, బిళ్ళ అట్ట మీద చీమ తలకాయంత అక్షరాలలో ఉండగా ఆయన ఏమి చెప్పగలడు? "పొద్దున తెల్లది, రాత్రి గులాబి రంగుది" అంటాడు. అది ఆయన అజ్ఞానం కాదు, ఆయనకు మనమిచ్చిన జ్ఞానం అంతే. పైగా ఊళ్ళో ఆరెంపీ చేసిన నొప్పి సూది, బంధువులు తెచ్చిచ్చిన పొడి, పక్కింటాయన "నాకు పనిచేసింది, మీరూ వేసుకోండి" అని ఇచ్చిన బిళ్ళ ఆయన దృష్టిలో మందులే కావు. మా పింఛనుదారుల సమావేశాలలో కరువుభత్యం బకాయిల తరువాత ఎక్కువగా చర్చకు వచ్చేది ఈ బిళ్ళల మార్పిడే. "ఇంకేమైనా వాడుతున్నారా?" అని అడిగితే లేదంటారు. "నొప్పికి ఏమి వేసుకుంటారు? నిద్రకు? మలబద్ధకానికి? ఆయుర్వేదం ఏదైనా?" అని విడదీసి అడిగితే నాలుగు బయటపడతాయి. ప్రశ్న అడగడం వచ్చినవాడికే జవాబు దొరుకుతుంది. ముప్పై ఏళ్ళకు పైగా బడిలో ఉన్నవాణ్ణి, ఇది నాకు బాగా తెలుసు.

"మాకు సమయం ఏది? బయట వందమంది కూర్చున్నారు" అంటారు వైద్యులు. నిజమే. అందుకే ఈ పని ఒక్క వైద్యుడు చేయలేడని, నలుగురు పంచుకోవాలని అంటున్నాను. పంచుకోవడానికి మనుషులు లేరా? ఉన్నారు. ఫార్మసిస్టు అనే విద్యావంతుడు ఉన్నాడు. ఫార్మసీ చట్టం 1948 నాటిది. రిజిస్టరైన ఫార్మసిస్టు తప్ప మరెవరూ చీటీ మీద మందు ఇవ్వరాదని అందులోని 42వ సెక్షను చెబుతున్నది. 2015 నాటి ఫార్మసీ ప్రాక్టీసు నిబంధనలైతే మరీ స్పష్టం: చీటీ అందగానే ఫార్మసిస్టు దానిని పరిశీలించాలి, ఒకే మందు రెండుసార్లు పడిందా, మందుకూ మందుకూ వైరమున్నదా, మోతాదు సరిపోయిందా అని చూడాలి, రోగికి వివరించి చెప్పాలి. 2008లో ఆరేళ్ళ ఫార్మ్‌.డి. చదువు వచ్చింది. తెలుగునాట ఎన్నో కళాశాలలు ఆ చదువు చెబుతున్నవి. ఈ మందుల వైరాలే వారి పాఠ్యాంశం. ఇంత చట్టముండి, ఇంత చదువుండి, చాలాచోట్ల దుకాణంలో గోడకు పటం కట్టిన సర్టిఫికెట్టు ఫార్మసిస్టుది, కౌంటరులో నిలబడిన కుర్రవాడు వేరొకడు. "స్ట్రిప్పు మొత్తం ఇమ్మంటారా, సగం కత్తిరించమంటారా?" అన్నది ఒక్కటే అక్కడ జరిగే సంప్రదింపు.

ఒకవేళ నిజమైన ఫార్మసిస్టు ఉండి, "అయ్యా, ఈ రెండూ కలిపి ఇస్తే ప్రమాదం కదా" అని వైద్యుడికి ఫోను చేస్తే? "నువ్వు నాకు వైద్యం నేర్పుతావా?" అన్న మాట ఎదురువస్తే ఆ పిల్లవాడు మళ్ళీ జన్మలో ఫోను చేయడు. ఈ అహంకారం ఒక్కటీ తొలగితే సగం పని అయినట్టే. తన వ్యాసంలో అచ్చుతప్పు చూపిన ప్రూఫ్‌రీడరును ఏ రచయితైనా శత్రువనుకుంటాడా? అచ్చుతప్పుతో పోయేది పరువు, మందు తప్పుతో పోయేది ప్రాణం.

"ఇదంతా కంప్యూటరు చూసుకుంటుంది" అన్నది కొత్త వాదం. 2021లో ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ వచ్చింది, 14 అంకెల ఆభా సంఖ్య వచ్చింది. మంచిదే. యంత్రాన్ని నమ్ముకొని యూనికోడులో తెలుగు వ్రాసుకుంటున్న మనం యంత్రాన్ని నిందించరాదు. కాని చీటీ ఇంకా కాగితం మీదనే ఉన్న క్లినిక్కు నుంచి యంత్రానికి ఏమి అందుతుంది? అందినా, ఈ రెండు మందులకూ పడదని యంత్రం ఎర్రదీపం వెలిగిస్తుందే గాని, ఈ మనిషికి ఏది ముఖ్యం, ఏది మానవచ్చు, దేని మోతాదు తగ్గించాలి అన్నది నిర్ణయించవలసింది మనుషులే, అదీ ఒకరితో ఒకరు మాట్లాడుకొని.

ఇది సాధ్యం కాని ఆదర్శం కాదు. అమెరికాలో మార్క్ బీర్స్ అనే వైద్యుడు 1991లోనే వృద్ధులకు సాధారణంగా తగని మందుల జాబితాను వెలువరించాడు. అక్కడి వృద్ధవైద్య సంఘం దానిని సవరిస్తూ వస్తున్నది, 2023లోనూ సవరించింది. ఆస్ట్రేలియాలో 2001 నుంచి ఒక పద్ధతి ఉన్నది: కుటుంబవైద్యుడు సిఫారసు చేస్తే ఫార్మసిస్టు ఇంటికే వచ్చి, అలమరలోని మందులన్నీ చూసి, వైద్యుడికి నివేదిక ఇస్తాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో హానిలేని ఔషధసేవనం అనే ఉద్యమం మొదలుపెట్టి మూడు చోట్ల జాగ్రత్త పడమన్నది: ప్రమాదకర సందర్భాలు, బహు ఔషధ సేవనం, ఒక వైద్యశాలనుంచి మరొక చోటికో ఇంటికో మారే సమయం. మన వృద్ధులలో ఎందరో ఈ మూడింటిలోనూ ఉన్నారు.

మనకు విదేశీ ఉదాహరణలే అక్కరలేదు. వైద్యానికి నాలుగు పాదాలని చరకసంహిత చెప్పింది: వైద్యుడు, ఔషధం, పరిచారకుడు, రోగి. నాలుగు పాదాలూ నేలమీద ఉంటేనే మంచం నిలుస్తుంది. ఇప్పుడు మన మంచానికి వైద్యులే ఐదుగురు. పరిచారిక మాట అడిగేవారు లేరు, ఔషధం తెలిసినవాడు కౌంటరు వెనుక లేడు, రోగి నోరు మూయించారు. మంది ఎక్కువైతే మజ్జిగ పలచన అన్నది ఇందుకే.

మా బడి సంగతి చెబుతాను. ఒక పిల్లవాడికి ఆరుగురు ఉపాధ్యాయులం పాఠాలు చెప్పేవాళ్ళం. ఆరుగురమూ ఆరు ప్రోగ్రెస్ కార్డులు ఇచ్చేవాళ్ళం కాదు. ఒకే కార్డు, అందులో ఆరు వరుసలు, కింద క్లాసు టీచరు సంతకం. ఒక్కొక్కరం గంట పని ఇంటికి ఇస్తే పిల్లవాడికి ఆరు గంటలవుతుందని, అప్పుడు వాడు రాత్రి నిద్రపోడని క్లాసు టీచరు వచ్చి మమ్మల్ని తగ్గించమనేవాడు. తెలుగు మేష్టారి పద్యం, లెక్కల మేష్టారి లెక్క విడివిడిగా న్యాయమైనవే, కూడితేనే అన్యాయం. దీనివల్ల మాలో ఎవరి గౌరవమూ తగ్గలేదు. పదేళ్ళ పిల్లవాడికి ఉన్నపాటి క్లాసు టీచరు డెబ్బై ఏళ్ళ వృద్ధుడికి ఎందుకు లేడు?

కనుక నేను కోరేవి ఇవి. మొదటిది, ప్రతి వృద్ధుడికీ ఒకే పట్టిక: మందు అసలు పేరు, ఎందుకు, ఎంత, ఎప్పుడు, ఎవరు వ్రాశారు అన్నవి తెలుగులో, పెద్ద అక్షరాలతో. ఏ వైద్యుడు కొత్త మందు వ్రాసినా ఆ పట్టికలోనే చేర్చాలి, తీసివేస్తే అందులోనే కొట్టివేయాలి. రెండవది, ఆ పట్టికకు ఒక పెద్దదిక్కు: దగ్గరలోని సాధారణ వైద్యుడో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వైద్యుడో. నిపుణులు మార్పులు సూచించవచ్చు, కూడిక మాత్రం ఆయన చూడాలి. మూడవది, ఆరు నెలలకొకసారి మందుల సంచీ మొత్తం బల్లమీద కుమ్మరించి వైద్యుడు, ఫార్మసిస్టు కలిసి చూడాలి, అవసరం తీరినవాటిని తొలగించాలి. నాలుగవది, ఆసుపత్రినుంచి ఇంటికి పంపేటప్పుడు పాత మందులలో ఏవి కొనసాగించాలి, ఏవి ఆపాలి అన్నది నర్సు కూర్చోబెట్టి చెప్పి, తిరిగి చెప్పించుకోవాలి. పాఠం అప్పగించుకోవడం మాకు కొత్త కాదు, వారికీ కష్టం కాదు. పల్లెలలో ఏఎన్‌ఎం, ఆశా కార్యకర్త ఇంటికి వచ్చినప్పుడు ఆ పట్టికను ఒకసారి చూడాలి. మందువల్ల హాని జరిగిందని అనుమానం వస్తే వైద్యులే కాదు, రోగులు కూడా తెలియజేయడానికి 2010లో మొదలైన జాతీయ ఔషధ నిఘా కార్యక్రమం వారి 1800 180 3024 ఉచిత ఫోను ఉన్నది.

ఒక ముఖ్యమైన హెచ్చరిక. ఈ టపా చదివి ఎవరూ తమ మందులను తమంతట తాము ఆపవద్దు. గుండెకు, రక్తపోటుకు, మూర్ఛకు వాడే కొన్ని మందులను హఠాత్తుగా మానడం కలయికకంటె ప్రమాదం. అలాగే దీనిని ఇంగ్లీషు వైద్యంపై నిందగా తీసుకొని "చూశారా, మేమెప్పుడో చెప్పాం" అని వ్యాఖ్యలు వ్రాయబోయేవారికి ముందే మనవి: మన తాతలకంటె మనం ఎక్కువ కాలం బ్రతుకుతున్నామంటే అందులో ఈ బిళ్ళల పుణ్యం చాలా ఉన్నది. నా తగాదా బిళ్ళలతో కాదు, వాటిని వ్రాసేవారి మౌనంతో. నాటుమందులు కూడా ఆ పట్టికలో ఎక్కవలసినవే.

తిలా పాపం తలా పిడికెడు అన్నారు పెద్దలు. అందరూ పంచుకున్న పాపం ఎవరికీ బరువనిపించదు. అందుకే పిడికెడు పిడికెడుగా పంచుకున్నదానిని మళ్ళీ ఒకచోట పోగుచేసి, ఇదిగో ఇంత అయింది చూడండి అని చూపవలసి వస్తున్నది. ఎవరికి వారే యమునా తీరే అంటూ వైద్యులు తలా ఒక గట్టున నిలబడితే, ముసలివాడు చేరేది వైతరణి గట్టుకే.

బ్లాగరులలో వైద్యులున్నారు, ఫార్మసీ చదివినవారున్నారు. నా మాట పరుషమనిపిస్తే వాదించండి. కాని వాదనకు ముందు ఈ ఆదివారం మీ ఇంట్లోనో, ఫోనులోనో అమ్మ మందుల సంచీ ఒకసారి విప్పించి, పేర్లన్నీ ఒక కాగితంమీద వ్రాసి, దానిని ఆమె వైద్యుడి ముందు పెట్టించండి. ఆపైన ఎంతసేపైనా వాదించుకుందాం.

స్వస్తి.